మీకు తెలుసా? చెక్క ప్లేటూ పాడుతుంది

బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాలతో పేరుకెక్కిన నటుడు స్థానం నరసింహారావు కాలంలో గ్రామఫోను ప్లేట్లు లక్కతో చేసేవారు. మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే జిగురును శుద్ధిచేసి, రాతిపొడి, మసి కలిపి, వేడిమీద అచ్చులో నొక్కేవారు. 1948లో వినైల్ ఎల్‌పీలు వచ్చేదాకా ఎక్కువగా నడిచింది ఈ సరుకే. పురుగు జిగురు పాడగలిగినప్పుడు, పాటకు ఫలానా పదార్థమే కావాలన్న నియమం ఎక్కడిది? ముల్లును తగినట్టు కదిలించే గాడి ఉంటే చాలు.

2013లో అమెరికాలో అమాండా గసాయీ అనే ఆమె లేజరుతో చెక్క, కాగితం, యాక్రిలిక్ పలకల మీద గాళ్లు కోసి, మామూలు టర్న్‌టేబుల్ మీదే పాటలు వినిపించారు. గరగరే ఎక్కువ కదా అనవచ్చు. నిజమే, చెక్క నార గాడిని గరుకు చేస్తుంది, లేజరు కోత మందం సన్నని ధ్వనులను మింగేస్తుంది. వినైల్ నాణ్యత దానికి రాదు. అయినా పాట గుర్తుపట్టేలా పలుకుతుంది. సోవియట్ యూనియన్‌లో నిషిద్ధ సంగీతాన్ని పాత ఎక్స్‌రే ఫిల్ముల మీద గీసుకుని విన్నవారికీ నాణ్యత కన్నా పాట దక్కడమే ముఖ్యమైంది. అందుకే ఈ ప్రయోగాలను వింత అని కొట్టిపారేయకూడదు. ధ్వని ఎలా నిలుస్తుందో కంటికి చూపే పాఠాలివి.