కుర్చీ అదే, పుస్తకం వేరు

ఉస్మానియా విశ్వవిద్యాలయం లైబ్రరీలో బల్లల మీద కనిపించేవి టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, గ్రూప్స్ మెటీరియల్, కరెంట్ అఫైర్స్ నోట్సు. ఆ పుస్తకాలు చాలావరకు రూము నుంచి తెచ్చుకున్నవే. లైబ్రరీ ఇచ్చేది కుర్చీ, ఫ్యాను గాలి, నిశ్శబ్దం. నలభై ఏళ్ల కిందట విద్యార్థి కేటలాగ్ సొరుగు లాగి, కార్డు మీది నంబరు చీటీ మీద రాసిచ్చి, పుస్తకం చేతికొచ్చాక కావలసిన పేజీలు చేత్తో ఎక్కించుకునేవాడు. ఈ తేడా చూసి ‘ఈ కాలం పిల్లలకు చదువు మీద ప్రేమ లేదు, ఉద్యోగమే లోకం’ అని పెద్దలు తేల్చేస్తారు. అది అన్యాయం. పిల్లల్లో ఆసక్తి తగ్గలేదు, వాళ్ల చేతిలో తీరిక తగ్గింది.

ఆ తీరిక ఒకప్పుడు ఎంత పని చేసిందో చరిత్రే చెబుతుంది. 1938లో వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురైన ఉస్మానియా విద్యార్థులు ఎందరో నాగపూర్ వెళ్లి చదువు పూర్తి చేశారు. 1969లో తెలంగాణ ఉద్యమానికి ఆ క్యాంపస్ ఊపిరైంది. ఏడాదికోసారి పరీక్షలు, మధ్యలో హాస్టల్ మెస్సులో తెగని చర్చలు, విద్యార్థి సంఘం ఎన్నికలు... ఇవన్నీ సిలబస్‌లో లేని పాఠాలు. ఇప్పుడు ఆర్నెల్లకో సెమిస్టర్, మధ్యలో ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు. ఇక విద్యార్థి సంఘం ఎన్నికలు 1980ల చివర్లోనే ఆగిపోయాయి.

అయితే పాతకాలాన్ని స్వర్ణయుగమనడానికీ వీల్లేదు. ఆ తీరిక కొద్దిమందిదే, వారిలోనూ ఎక్కువమంది అబ్బాయిలు. ఇప్పుడలా కాదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలోని 4.33 కోట్ల మంది విద్యార్థుల్లో 2.07 కోట్ల మంది అమ్మాయిలు. స్కాలర్‌షిప్పులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ అండతో కౌలురైతు కూతురు కూడా పీజీ దాకా వస్తోంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టుకున్న పిల్ల మీద ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకుంటే, ఆమె ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటం స్వార్థమెలా అవుతుంది? సెల్‌ఫోనే చెడగొట్టిందనేవారూ ఉన్నారు. ఫోను గంటలు మింగేస్తున్న మాట నిజమే. కానీ కోచింగ్‌కు డబ్బు లేని ఊరి కుర్రాడికి పాఠం చెప్పేదీ ఆ ఫోనే. పోరాడే గుణం పోయిందనీ అనలేం. 2009 డిసెంబరులో తెలంగాణ కోసం ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు కదం తొక్కింది సెల్‌ఫోన్ తరమే.

కాబట్టి నిలదీయాల్సింది విద్యార్థిని కాదు, వ్యవస్థను. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు భర్తీ చేయాలి. హాస్టళ్లలో అందరికీ చోటుండాలి. ఎన్నికలు తిరిగి జరపాలి. మార్కులతో పనిలేని చర్చకు టైమ్‌టేబుల్లో రెండు గంటలు వదలాలి. గ్రూప్స్ పుస్తకం ఆ బల్ల మీద ఉండాల్సిందే. దాని పక్కనే, పరీక్షలో రాదని తెలిసినా ఇష్టంగా తెరిచే పుస్తకం ఒకటి ఉండేలా చూడాల్సిన బాధ్యత మాత్రం తీరిక అనుభవించి పెద్దయిన మన తరానిదే.