చరణం పక్కన పల్లవి ఎందుకు రాయకూడదు?

వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చేది ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేశారు. కవితలు రాసేవాళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఎక్కువే కాబట్టి ఆ పని వాళ్ళకే వదిలేసి, మేము ప్రతి ఆదివారం చేస్తున్న పని గురించి రాస్తున్నాం.

ఒకప్పుడు మీలాగే ట్రంకుపెట్టె మీద నోటుబుక్కు పెట్టుకుని చదువుకున్న మేము నలుగురం ఇప్పుడు హైదరాబాదులో, ఫిలింనగర్ బస్తీలో ఒక గదిలో అద్దెకు ఉంటున్నాం. పైన జూబ్లీహిల్స్ బంగళాలు, కింద మా రేకుల ఇళ్ళు. ఆదివారం పొద్దున మా వరండాలో మూడు, నాలుగు తరగతుల పిల్లలు పదిహేను మంది దాకా కూర్చుంటారు. వాళ్ళ నాన్నలు కొందరు లైట్‌బాయ్‌లు, కొందరు డ్రైవర్లు, కొందరు పిలుపొచ్చిన రోజు జూనియర్ ఆర్టిస్టులు. అమ్మలు ఎక్కువమంది బంగళాల్లో పని చేస్తారు. ఈ పిల్లలందరి గురి ఒకటే, అయిదో తరగతి గురుకుల ప్రవేశపరీక్ష. సీటు వస్తే చదువు, తిండి, బట్ట అన్నీ అక్కడే. ఆ సీటు విలువ ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్ళకు మేము చెప్పనక్కరలేదు.

ఒక ఆదివారం బోర్డు మీద ఈ ప్రశ్న రాశాం.

కరం : చేయి :: చరణం : ?
(1) పల్లవి (2) పాట (3) కాలు (4) చెప్పు

సగంమందికి పైగా పల్లవి అని రాశారు. ముగ్గురు పాట అన్నారు. కాలు అని రాసినవాళ్ళు ఇద్దరే, వాళ్ళలో ఒకడు పక్కవాడిది చూసి రాశాడని తర్వాత తేలింది.

మాకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. సినిమా పాటల మధ్య పుట్టి పెరిగిన పిల్లలు వీళ్ళు. పల్లవి అయ్యాక మొదటి చరణం, ఆ తర్వాత రెండో చరణం అని వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. చరణం అనగానే వాళ్ళ నోట పల్లవి రావడం తెలివితక్కువతనం కాదు. తెలిసిన విషయమే వాళ్ళను పక్కదారి పట్టించింది. సమానార్థక పోలికల్లో పిల్లలు చేసే తప్పుల్లో చాలా భాగం ఇలాంటివే. కలిసి తిరిగే మాటలు వేరు, ఒకే అర్థం ఉన్న మాటలు వేరు.

ఈ లెక్కను ఎలా చదవాలో ముందు చెప్పుకుందాం. లెక్కల్లో అనుపాతం వచ్చినప్పుడు 2 : 4 :: 3 : 6 అని రాస్తాం. రెండుకు నాలుగు ఎలాగో మూడుకు ఆరు అలాగ. మాటల లెక్క కూడా అదే. అంకెల మధ్య రెట్టింపు అనే సంబంధం ఉన్నట్టు, మాటల మధ్య కూడా ఒక సంబంధం ఉంటుంది. దాన్ని మొదటి జంటలోనే పట్టుకోవాలి. పిల్లలు ఆ జంటను దాటేసి, ప్రశ్నార్థకం పక్కనున్న మాటను, కింద ఉన్న నాలుగు జవాబులను మాత్రమే చూస్తారు. అక్కడే మోసపోతారు.

అందుకని మేము ఒక నియమం పెట్టాం. మొదటి జంటతో నోటితో ఒక వాక్యం చెప్పిన తర్వాతే పెన్సిలు పట్టాలి. "కరం అన్నా చేయి అన్నా ఒకటే." ఇప్పుడు అదే వాక్యంలో రెండో మాట పెట్టి నాలుగు జవాబులూ వరసగా చదవాలి. "చరణం అన్నా పల్లవి అన్నా ఒకటే." ఇది వినగానే ఆ పిల్లలే నవ్వారు. రెండూ ఒకటే అయితే పాటలో రెండు పేర్లు ఎందుకు సార్ అని ఒక పాప అడిగింది. "చరణం అన్నా చెప్పు అన్నా ఒకటే." మళ్ళీ నవ్వు. మిగిలింది కాలు. చరణానికి ఆ అర్థం ఉందని తెలియని పిల్లలకు కూడా జవాబు దొరికిపోయింది.

ఇక మాటలు ఎక్కడ నేర్చుకోవాలి? పూర్వం వీధిబడుల్లో అమరకోశం వల్లె వేయించేవారు. అమరసింహుడు మూడు కాండలుగా రాసిన సంస్కృత నిఘంటువు అది. అందులో మాటలు అక్షరక్రమంలో ఉండవు, వర్గాలుగా ఉంటాయి. సింహానికి ఉన్న పేర్లన్నీ ఒకచోట, చెట్టుకు ఉన్న పేర్లన్నీ ఒకచోట. తెలుగు మాటలకు కూడా పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం అని పద్యాల్లో రాశారు. వల్లె వేయించే పద్ధతి మీద మాకు పెద్ద మోజు లేదు గానీ, ఒక వస్తువు పేర్లన్నీ ఒకచోట పెట్టడం మాత్రం మంచి ఉపాయం. మేము ఆ ఉపాయాన్ని సినిమా పేర్ల మీద పెట్టాం. మా పిల్లలకు అమరం దొరకదు, సినిమా పేర్లు దొరుకుతాయి కదా!

అడవిరాముడు 1977లో వచ్చింది, అరణ్యకాండ 1987లో వచ్చింది. అడవి అన్నా అరణ్యం అన్నా ఒకటే. ఖడ్గం 2002, కత్తి 2010. మృగరాజు 2001, సింహా 2010. ఆకాశమంత 2009, గగనం 2011. సూర్యవంశం 1998, దానికంటే ముందు 1991లో ఆదిత్య 369. సాగర సంగమంలో (1983) సాగరం అంటే సముద్రం అని చెబితే, సంగమం అంటే ఏమిటని వాళ్ళే అడిగారు. కలయిక అని చెప్పాం. ఇలా ఒక నోటుబుక్కులో ఒక్కో పేజీకి ఒక్కో వస్తువు పెట్టి, దొరికిన పేరల్లా దాని కింద రాయిస్తున్నాం.

సినిమా మొదట్లో వచ్చే పేర్లు అంతకన్నా మంచి పాఠం. లైట్‌బాయ్ కొడుక్కి కెమెరామన్ తెలుసు. తెర మీద మాత్రం ఛాయాగ్రహణం అని పడుతుంది. ఎడిటింగ్‌కు కూర్పు, హీరోకు కథానాయకుడు, విలన్‌కు ప్రతినాయకుడు, డైరెక్టర్‌కు దర్శకుడు. నాన్న పని చేసేచోట రోజూ వినే మాటకు పుస్తకంలో ఇంకో పేరు ఉందని తెలిసేసరికి వాడి ముఖం చూడాలి! ఆ వారం వాడు స్క్రీన్‌ప్లేను చిత్రానువాదం అంటారని ఎవరినో అడిగి కనుక్కొచ్చి మాకే చెప్పాడు.

ఇప్పుడు మెలికల సంగతి. కొండ ప్రశ్న చూడండి.

చెట్టు : వృక్షం :: కొండ : ?
(1) రాయి (2) గుట్ట (3) పర్వతం (4) అడవి

రాయి కొండలో భాగం, అడవి కొండ మీద ఉండేది. ఆ రెండూ తేలిగ్గానే పోతాయి. చిక్కంతా గుట్ట దగ్గర. మేమున్నదే గుట్ట మీద, దాన్నే కొండ అనేవాళ్ళూ ఉన్నారు. అలాంటప్పుడు మళ్ళీ మొదటి జంట దగ్గరికే వెళ్ళాలి. చెట్టు ఇంట్లో అనే మాట, వృక్షం పుస్తకంలో మాట. రెండో జంట కూడా అలాగే నడవాలి. కొండ ఇంటి మాట, పర్వతం పుస్తకం మాట. గుట్ట కూడా ఇంటి మాటే, పైగా కొండకన్నా చిన్నది. చినుకు, వాన ఒకటి కానట్టే ఇదీనూ.

తెలుగులో వచ్చే మెలిక ఇంకొకటి ఉంది, ప్రకృతి వికృతులు. అగ్ని అనే మాటే రూపం మారి అగ్గి అయింది. 1966 నాటి అగ్గి బరాటా పేరులో ఉన్నది అదే. అనలం అలా కాదు, అది నిప్పుకు పూర్తిగా వేరే పేరు. కాబట్టి అగ్ని : అగ్గి అని ఇచ్చి ముఖం అడిగితే జవాబు మొగం. అగ్ని : అనలం అని ఇచ్చి ముఖం అడిగితే జవాబు వదనం. అర్థం చూస్తే మొగం, వదనం ఒకటే. జంట కట్టిన తీరులోనే తేడా. పెద్ద తరగతుల తమ్ముళ్ళు కూడా ఇక్కడ తడబడతారని మా అనుభవం.

పర్యాయపదం అంటే ఏమిటని పిల్లలు అడిగితే మేము డూప్‌ను చూపిస్తాం. ఫైటులో హీరో బదులు దూకేవాడు దూరం నుంచి హీరోలాగే ఉంటాడు, దగ్గర షాట్‌లో పనికిరాడు. నీళ్ళు, జలం కూడా అంతే. పరీక్షలో ఒకదాని బదులు ఒకటి నిలబడతాయి. దాహమేస్తే మాత్రం ఎవరూ జలం ఇవ్వమని అడగరు. ఇంట్లో మాట్లాడే మాటలన్నీ మార్చుకోవాలేమోనని బెంగపడ్డ పాప ఒకతి ఉండేది. ఈ మాటతో కుదుటపడింది.

అన్నిటికన్నా మాకు బాధ కలిగించే తప్పు ఇంకొకటి ఉంది.

పుస్తకం : గ్రంథం :: కలం : ?
(1) సిరా (2) కాగితం (3) లేఖిని (4) రచయిత

ఇందులో లేఖిని తప్ప మిగతా మాటలన్నీ పిల్లలకు తెలుసు. తెలియని మాటను చూడగానే, అది మనది కాదులే అని వదిలేసి, తెలిసినవాటిలో ఒకదానికి గుండ్రం చుడతారు. మాలో ఒకడు నాలుగో తరగతిలో ఇదే చేశాడు. ఆ ప్రశ్నలో తరువు అనే మాట ఉంది. అది చెట్టు అని వాడికి తెలియదు, తెలిసిన కొమ్మ మీద గీత పెట్టి వచ్చాడు. సీటు రెండు మార్కుల్లో పోయింది. వాడు ఇప్పటికీ ఆ మాట దగ్గర కాసేపు ఆగుతాడు. అందుకే పిల్లలకు పదేపదే చెబుతున్నాం. కలం అన్నా సిరా అన్నా ఒకటి కాదు, కాగితం అన్నా కాదు, రచయిత అన్నా కాదు. తెలిసిన మూడూ కాదని తేలాక, తెలియని నాలుగోదానికి ధైర్యంగా గుండ్రం చుట్టండి. వీలైతే మాట లోపల కూడా చూడండి. లేఖినిలో లేఖ ఉంది, లేఖ అంటే ఉత్తరం, రాత.

ఇది మన పిల్లల చిక్కు మాత్రమే కాదు. అమెరికాలో కాలేజీ సీట్ల కోసం రాసే శాట్ పరీక్షలో కూడా ఇలాంటి మాటల పోలికలు ఉండేవి. పరుగెత్తేవాడికి మారథాన్ ఎలాగో, తెడ్డు వేసేవాడికి రెగట్టా అలాగ అన్న ప్రశ్నను విమర్శకులు చాలాకాలం ఎత్తిచూపారు. రెగట్టా అంటే పడవపందెం. అలాంటి పందేలు చూసే ఇళ్ళ పిల్లలకు ఆ మాట తెలుస్తుంది, మిగతావాళ్ళకు ఎలా తెలుస్తుంది? 2005లో ఆ పరీక్షలోంచి ఈ పోలికలను తీసేశారు. ఇక్కడ మాత్రం రకరకాల ప్రవేశపరీక్షల్లో వస్తూనే ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్ పరీక్షలో మానసిక సామర్థ్యానికి 90 ప్రశ్నలు ఉంటాయి. అందులోనూ పోలికలు అడుగుతారు. కాబట్టి హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళు ఇది చిన్నపిల్లల ఆట అనుకోవద్దు.

మేము చేసిన పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. మొదట్లో పుస్తకం మాటలే నేర్పాం. మా వరండాలో పాలమూరు నుంచి వచ్చిన ఇళ్ళ పిల్లలున్నారు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఒకరు అంగి అంటే ఒకరు చొక్కా అంటారు. ఒకరు తొవ్వ అంటే ఒకరు దారి అంటారు. ఒకరి మాటకు ఇంకొకరు నవ్వుకునేవారు. ఇవి కూడా పర్యాయపదాలేనని, వాళ్ళు ఎప్పటినుంచో తెలియకుండానే ఈ లెక్క చేస్తున్నారని చెప్పడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు నోటుబుక్కులో ప్రతి పేజీలో ఇంటి మాటల వరస ముందు, పుస్తకం మాటల వరస తర్వాత ఉంటాయి.

పోయిన ఆదివారం ప్రశ్నలు మేము ఇవ్వలేదు, వాళ్ళనే తయారు చేయమన్నాం. చరణం పక్కన పల్లవి రాసిన పాపే లేచి బోర్డు మీద ఇది రాసింది.

తొవ్వ : దారి :: మొగులు : ?
(1) వాన (2) గొడుగు (3) మబ్బు (4) ఎండ

శ్రీకాకుళం పిల్లలు మొగులు అనే మాట ఎన్నడూ వినలేదు. వాక్యం చెప్పుకుంటూ ఒక్కొక్కటే కొట్టేసి, మబ్బు అన్నారు. పాలమూరు పిల్లవాడొకడు మాత్రం ఒప్పుకోలేదు, మబ్బుల లేచిన అంటే చీకటితో లేచినట్టు కదా, మబ్బు అంటే మొగులు ఎట్లయితది అని లేచి నిలబడ్డాడు. ఆ వాదన ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం ఒకే మాటకు రెండు మూడు అర్థాలుండటం గురించి చెప్పాలనుకుంటున్నాం.