పిడికెడు నువ్వులు, బెల్లపు ముక్క

పండుగకు ఆత్మీయులకు ఏదైనా ఇవ్వాలనుకోవడం మానవ సహజం. ఆ కానుక బజారునుండే రావాలని నియమమేదీ లేదు. అయినను, అట్టపెట్టె పైని ధరనుబట్టి అభిమానాన్ని కొలిచే అలవాటు మనలో పెరిగింది. దీనివల్ల ముందుగా చిన్నబుచ్చుకునేవారు పిల్లలు.

మన ఆచారం ఇట్టిది కాదు. బతుకమ్మ పండుగనే చూడండి. దిల్‌సుఖ్‌నగర్ పక్కనున్న సరూర్‌నగర్ చెరువులో బతుకమ్మలను సాగనంపిన తరువాత, ఆడపడుచులు ఇంట చేసి తెచ్చిన నువ్వుల ముద్దలు, మలీద, సత్తుపిండి ఒకరికొకరు పంచుకుంటారు. ఇచ్చిన చేతికి మరొక పళ్ళెంనుండి పిడికెడు తిరిగి వస్తుంది. కలవారి ముద్దలోనూ, కూలి చేసుకొని బ్రతికే ఇల్లాలి ముద్దలోనూ ఉన్నవి నువ్వులూ బెల్లమే. సంక్రాంతికి మరాఠీలు ఇచ్చుకొనే తిల్‌గుళ్, కన్నడిగులు పంచుకొనే ఎళ్ళు-బెల్ల కూడా ఈ కోవలోనివే. ఏడాది పొడవునా తీయగా మాట్లాడుకుందామనడమే వాటి పరమార్థం.

చేసే పద్ధతి కష్టమైనది కాదు. 250 గ్రాముల నువ్వులకు అంతే బెల్లం చాలును; సుమారు 30 చిన్న ఉండలవుతాయి. నువ్వులను సన్నని సెగపై చిటపటలాడేవరకు వేయించాలి. బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, మట్టీ నలుసులూ పోయేటట్లు వడగట్టి, మరల పొయ్యిమీద పెట్టాలి. చన్నీళ్ళలో వేసిన పాకపు బొట్టు వ్రేళ్ళమధ్య మెత్తని ఉండగా చేరితే అది ఉండపాకం. అప్పుడు దించి, నువ్వులూ ఏలకుల పొడీ కలిపి, వేడి కాస్త తగ్గగానే నేయి రాసుకున్న చేతులతో ఉండలు కట్టాలి. పల్లీపట్టీకి పాకం ఇంకా ముదరాలి. నీళ్ళలో గట్టిపడిన బొట్టును పళ్ళెంలో వేస్తే ఖంగుమనాలి. పొట్టుతీసిన పల్లీలు కలిపి, నేయి రాసిన పళ్ళెంలో పరచి, వేడి ఆరకముందే గాట్లు పెట్టాలి.

ఇందులో విజ్ఞానశాస్త్ర పాఠం కూడా ఇమిడి ఉన్నది. నీరు ఆవిరై పోయినకొద్దీ పాకం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. చక్కెరపాకం సుమారు 115 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మెత్తని ఉండ కడుతుంది. 150 డిగ్రీల ప్రాంతంలో గాజువలె పెళుసవుతుంది. మరిగే నీటికన్న వేడియైన ఈ పాకం చర్మానికి అంటుకొని కాలుస్తుంది. కనుక పొయ్యి దగ్గరి పని పెద్దలే చేయాలి. బెల్లం గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. చల్లారిన మిఠాయిని బిగుతుమూత డబ్బాలో దాచాలి.

సంక్రాంతి సెలవులకు ముందు పాఠశాలలో ఈ పని తలపెట్టవచ్చు. ప్రతి విద్యార్థీ తనకు వీలైనంత, పిడికెడు నువ్వులో, పల్లీలో, బెల్లపు ముక్కో తేవాలి. తేలేనివారు వేయించిన పల్లీల పొట్టు చెరగవచ్చు, పొట్లాలు కట్టవచ్చు. నువ్వులు, పల్లీలు పడని పిల్లలున్నారేమో ముందే విచారించి, వారికి మరమరాల ఉండలు వేరొక గిన్నెలో చేయించాలి. అన్నీ కలిసి ఒకే పాకంలో పడిన పిదప ఎవరి పిడికెడు ఎంతో ఎవరికీ తెలియదు. పొట్లాలన్నీ సమానమే.

సెలవులు రాగానే దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహాల విద్యార్థులు ఎల్బీనగర్ కూడలిలో విజయవాడ వైపు పోయే బస్సులకై నిరీక్షిస్తారు. వారి సంచిలో ఇట్టి పొట్లమొకటి ఉంటే, వట్టిచేతులతో ఇంటికి పోతున్నామన్న బెంగ ఉండదు. తల్లిదండ్రులు దాని వెల అడగరు; “నీవే చేశావా?” అని అడుగుతారు. అవునని చెప్పగలగడమే ఆ కానుకకు విలువ.