తోడుగా రెండు పాచికలు

నా వ్యోమగామి ఇరవై ఆరేళ్లకే పోయాడు. అసలు ఆట ఇంకా మొదలవనే లేదు.

రాత్రి పదకొండు గంటలు. ఇంట్లో అందరూ పడుకున్నారు. భోజనాల బల్ల మీద నోటుపుస్తకం, పెన్సిలు, రెండు పాచికలు. పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని కొత్త లోకాలు వెతికే స్కౌట్ దళంలో చేర్పించాను. అతను బతికి ఉన్నాడో లేడో నాలుగేళ్లకోసారి పాచికలు వేసి తెలుసుకోవాలి. రెండూ కలిపి ఏడుకు తగ్గకూడదు. మొదటి విడతలో తొమ్మిది పడింది, రెండో విడతలో నాలుగు. అతనికి పేరు పెట్టి పట్టుమని పది నిమిషాలు కాలేదు, అయినా మనసు చివుక్కుమంది. మళ్లీ వేసుకున్నా అడిగేవాళ్లు లేరు. వెయ్యలేదు. పేరు కొట్టేసి, కొత్త పేజీ తిప్పాను.

ఈ ఆట పేరు ట్రావెలర్. మార్క్ మిల్లర్ రూపొందిస్తే, అమెరికాలోని గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ 1977లో అచ్చువేసింది. నల్ల పెట్టె, అందులో మూడు చిన్న నల్లట్టల పుస్తకాలు. పెట్టె మీద బొమ్మ లేదు. బేవుల్ఫ్ అనే సరుకుల నౌక ఆపదలో పంపిన సందేశం మాత్రం ఉంటుంది. కొన్నవాడి ఊహను కదిలించడానికి అది చాలింది.

ఇలాంటివాటిని రోల్‌ప్లేయింగ్ గేమ్స్ అంటారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి తలో పాత్ర తీసుకుంటారు. ఒకరు గేమ్ మాస్టర్, అంటే మన నాటకంలో సూత్రధారి. తలుపు వెనక ఏముందో ఆయన చెబుతారు, లోపలికి వెళ్లాలో వద్దో మిగతావాళ్లు తేల్చుకుంటారు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ పద్ధతిని లోకానికి పరిచయం చేసింది. మరి ఆ నలుగురూ దొరకని చోట ఉన్న మనిషి సంగతేమిటి? ట్రావెలర్ ఆ మనిషిని మరిచిపోలేదు. ఒంటరిగా ఆడటాన్నీ ఆట పద్ధతుల్లో ఒకటిగా నియమాల్లోనే చేర్చింది.

తలుపు వెనక ఏముందో నేనే అనుకుంటే ఇక ఆట ఏముంది, కూర్చుని కథ రాసుకుంటే పోలా? మొదట్లో నాకూ ఇదే సందేహం. ఒక నక్షత్ర పటం గీశాక అది తీరిపోయింది.

ట్రావెలర్ పటంలో తేనెపట్టులా ఎనభై గళ్లుంటాయి. ఒక్కో గడికి ఒక పాచిక వెయ్యాలి. నాలుగు, ఐదు, ఆరు పడితే అక్కడ ఒక లోకం ఉన్నట్టు. దాని పరిమాణం, గాలి, నీళ్లు, జనాభా, ప్రభుత్వం, చట్టం అన్నీ పందేలతోనే తేలి, చివరికి ఒక అంకెల వరస మిగులుతుంది. నా పటంలో ఒక గ్రహం మన చంద్రుడంతే ఉంది. గాలి సున్నా. నీళ్లు సున్నా. జనాభా దగ్గర తొమ్మిది పడింది, అంటే వందల కోట్ల మంది! ఊపిరి పీల్చుకోవడానికి గాలే లేని రాతిముద్ద మీద అంతమంది ఎందుకున్నారు? ఆ ప్రశ్న పాచికలు నన్ను అడిగాయి. జవాబు కోసం వారం రోజులు బస్సులోనూ, స్నానాల గదిలోనూ ఆలోచించాను. భూగర్భంలో తవ్విన నగరాలు, గాలికి నెలనెలా అద్దె, అద్దె బాకీ పడ్డవాళ్లకు వేరే ద్వారం. ఇదంతా నా ఊహే, కానీ నా అంతట నాకు తట్టేది కాదు. కుదరని పందెం ఒకటి పడి మెడ మీద కూర్చుంటే తప్ప ఇలాంటి ఊహ కదలదు.

తర్వాతి తరం ఆటలు ఈ పనిని ఇంకా నేర్పుగా చేస్తున్నాయి. 2003లో వచ్చిన మిథిక్, ఏ ఆటకైనా గేమ్ మాస్టర్ బదులు పనిచేసే పద్ధతినిచ్చింది. షాన్ టామ్కిన్ 2022లో తెచ్చిన స్టార్‌ఫోర్జ్‌డ్‌లో ఆరకిల్ పట్టికలుంటాయి. ఆరకిల్ అంటే మన సోదమ్మ అనుకోండి. ‘కొట్టుకుపోతున్న ఆ నౌకలో ఎవరైనా బతికున్నారా?’ అని అడుగుతాం. అనుమానమే అనిపిస్తే, అవుననే జవాబుకు నూటికి పాతిక పాళ్లే అవకాశం. పాచికలు రెండూ ఒకే అంకె చూపిస్తే ఏదో అనుకోని మలుపు.

నన్ను బాగా కదిలించింది మాత్రం 2020 నాటి ద రెచ్‌డ్, రచయిత క్రిస్ బిస్సెట్. పేకముక్కలు, ఒక పాచిక, చెక్కముక్కలు పేర్చిన గోపురం, మాటలు రికార్డు చేసుకునే సాధనం కావాలి. ఇంజన్ చెడిన నౌకలో మిగిలిన ఆఖరి మనిషివి నువ్వు. బయటికి నెట్టేసిన గ్రహాంతర జీవి చావలేదు, లోపలికి రావాలని చూస్తోంది. ఆటలో ఒక్కో రోజుకు పాచిక చెప్పినన్ని పేకముక్కలు తియ్యాలి. కొన్ని ముక్కలు గోపురంలోంచి చెక్క లాగమంటాయి. ఆ రోజు ఏం జరిగిందో గొంతు విప్పి చెప్పాలి. గోపురం కూలితే కథ అయిపోయినట్టే.

నేను తెలుగులోనే చెప్పాను. మొదట మాట పెగల్లేదు. మూడో రోజు రికార్డుకొచ్చేసరికి చచ్చిపోయిన తోటి సిబ్బంది గురించి, వాళ్లు తాగి వదిలేసిన టీ కప్పుల గురించి చెబుతున్నాను. చెక్క లాగేటప్పుడు వేళ్లు వణికాయి. గోపురం కూలిన చప్పుడుకి పక్క గదిలో ఎవరో కదిలారు. మర్నాడు ఆ రికార్డు విన్నాను. భయపడుతున్న ఆ గొంతు నాదే, అందులో నటన లేదు.

ఒక్కరే ఆడుకునేవాళ్లంటే జాలిపడటం అనవసరం. నవల చదివేవాళ్ల మీద, వీణ సాధన చేసుకునేవాళ్ల మీద మనం జాలిపడం కదా. నలుగురితో ఆడే ఆటలో నవ్వులుంటాయి, అవి ఇక్కడ దొరకవు, నిజమే. కానీ ఒక్క ప్రశ్నను వారం రోజులు మోసే తీరిక అక్కడ దొరకదు.

మొదలుపెట్టడానికి ఖర్చేమీ లేదు. స్టార్‌ఫోర్జ్‌డ్‌కు ముందు 2018లో వచ్చిన ఐరన్‌స్వోర్న్ డిజిటల్ పుస్తకాన్ని టామ్కిన్ ఉచితంగానే ఇచ్చారు. అది అంతరిక్షం కాదు, మంచు కొండల కథ, కానీ పద్ధతి అదే. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ భాషలోనే రాసుకోండి. నచ్చని పందెం పడినప్పుడు చూసేవాళ్లు లేరు కదా అని మళ్లీ మాత్రం వెయ్యకండి. తొండి చేస్తే ఎదుటి ఆటగాడు లేచి వెళ్లిపోతాడు.