విండోసా? లినక్సా? తెలిసి ఎంచుకుందాం

ఈ రోజుల్లో కంప్యూటరు లేని చోటు తక్కువ. బ్యాంకులో ఉంది. బడిలో ఉంది. పింఛను లెక్క అందులోనే ఉంది. భూమి కాగితాలు అందులోనే ఉన్నాయి. మన పొదుపు సంఘాల లెక్కలు కూడా అందులోకి ఎక్కాయి.

కంప్యూటరు కొనేటప్పుడు మనం ధర అడుగుతాం. గ్యారంటీ ఎన్నేళ్లు అని అడుగుతాం. కానీ ఒక్క ప్రశ్న అడగం. "దీన్ని నడిపించేది ఏది?" అని అడగం. అడగాల్సిన ప్రశ్న అదే. ఎందుకంటే మన డబ్బు, మన లెక్కల భద్రత దాని మీదే ఆధారపడి ఉంటాయి.

నడిపించేది అంటే ఏమిటి?

కంప్యూటరు ఒక యంత్రం. దానంతట అది ఏ పనీ చేయదు. మీట నొక్కితే తెర మీదికి అక్షరం రావాలి. రాసింది లోపల దాచాలి. అడిగినప్పుడు తీసి చూపాలి. ప్రింటరుకు చెప్పి కాగితం మీద అచ్చు వేయించాలి. ఈ పనులన్నీ ఎవరో ఒకరు దగ్గరుండి చేయించాలి కదా!

ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో ఇల్లాలికి తెలుసు. ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది ఆమెకు తెలుసు. కంప్యూటరు లోపల కూడా అలాంటి పెద్ద ఒకటి ఉంటుంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఇది చేత్తో పట్టుకునే వస్తువు కాదు. కంప్యూటరు ఏం చేయాలో వరుసగా రాసి పెట్టిన ఆదేశాల కట్ట. మనుషులు రాసిందే.

ఇలాంటివి చాలా ఉన్నాయి. వాటిలో రెండింటి గురించి తెలుసుకుందాం. ఒకటి విండోస్. రెండోది లినక్స్.

విండోస్ ఎవరిది?

విండోస్ మైక్రోసాఫ్ట్ అనే కంపెనీది. ఇది అమెరికా కంపెనీ. 1975లో బిల్ గేట్స్, పాల్ ఆలెన్ అనే ఇద్దరు మిత్రులు దీన్ని మొదలుపెట్టారు. మొదటి విండోస్ 1985లో వచ్చింది. 1995లో వచ్చిన విండోస్ 95తో అది ప్రపంచమంతా పాకింది. ఈనాటికీ బల్ల మీది కంప్యూటర్లలో ఎక్కువ వాటిని నడిపేది విండోసే. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో ఈ కంపెనీకి అధిపతి అయ్యారు.

విండోస్‌ను డబ్బు పెట్టి కొనాలి. కొత్త కంప్యూటరు కొంటే చాలాసార్లు దాని ధరలోనే ఇది కలిసి ఉంటుంది. విడిగా కొంటే వేల రూపాయలు అవుతుంది.

లినక్స్ ఎవరిది?

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన ఒక మాట చెప్పాడు. "అందరూ వాడుకోగల, అందరూ మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తాను" అన్నాడు. దానికి గ్నూ అని పేరు పెట్టాడు. పని మొదలైంది. చాలా భాగాలు తయారయ్యాయి. కానీ నడిమి గింజ లాంటి ముఖ్యమైన భాగం సిద్ధం కాలేదు.

1991లో ఫిన్‌లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ఆ గింజ లాంటి భాగాన్ని రాశాడు. అప్పుడు అతనికి 21 ఏళ్లు. తను రాసింది దాచుకోలేదు. అందరికీ ఇచ్చేశాడు. దానికే లినక్స్ అని పేరు వచ్చింది. గ్నూ భాగాలు, ఈ గింజ కలిశాయి. పూర్తి వ్యవస్థ తయారైంది.

అప్పటి నుంచి వేలమంది దాన్ని బాగుచేస్తూ వస్తున్నారు. కొందరు జీతానికి చేస్తారు. కొందరు ఇష్టంతో చేస్తారు. ఇది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. డెబియన్, ఉబుంటు, మింట్ అని దీనిలో చాలా రకాలు ఉన్నాయి. వరి ఒకటే అయినా వంగడాలు ఎన్నో ఉన్నట్టు అన్నమాట.

కొట్లో ఆవకాయ, ఇంట్లో ఆవకాయ

ఈ రెండింటికీ ఉన్న అసలు తేడా ఏమిటి?

కొట్లో ఆవకాయ సీసా కొన్నాం అనుకోండి. అన్నంలో కలుపుకుని తినవచ్చు. కానీ అందులో కారం ఎంత, ఆవపిండి ఎంత, నూనె ఎంత అనే కొలతలు కంపెనీ మనకు చెప్పదు. ఉప్పు ఎక్కువైతే మనం ఏమీ చేయలేం. కంపెనీ ఆ రకం ఆపేస్తే ఇక దొరకదు.

ఇంట్లో పెట్టే ఆవకాయ అలా కాదు. కొలతలు మనకు తెలుసు. మన రుచికి తగ్గట్టు మార్చుకుంటాం. పక్కింటి వదిన అడిగితే కొలతలు చెబుతాం. ఆమె ఇంకొకరికి చెబుతుంది. ఎవరూ తప్పు అనరు.

విండోస్ మొదటి రకం. దాన్ని వాడుకునే అనుమతి మాత్రమే మనం కొంటాం. లోపల ఏం రాశారో చూడటానికి లేదు. మార్చడానికి లేదు. ఇంకొకరికి కాపీ ఇవ్వడానికి లేదు.

లినక్స్ రెండో రకం. లోపల రాసింది ఎవరైనా చదవవచ్చు. మార్చుకోవచ్చు. కాపీ చేసి పదిమందికి ఇవ్వవచ్చు. ఇదంతా చట్టబద్ధమే. ఆ అనుమతి పత్రం దానితోనే వస్తుంది.

మన తెలుగులో ఉచితం, స్వేచ్ఛ అని రెండు మాటలు ఉన్నాయి. ఉచితం అంటే డబ్బు లేకుండా వచ్చేది. స్వేచ్ఛ అంటే మన ఇష్టప్రకారం చేసుకునే హక్కు. లినక్స్‌లో ముఖ్యమైనది స్వేచ్ఛ. ఉచితం ఆ తర్వాతి లాభం.

"ఊరికే వచ్చేదానికి విలువ ఉంటుందా?" అని కొందరు అడుగుతారు. మీ చేతిలోని ఫోనే దానికి జవాబు. అది ఆండ్రాయిడ్ ఫోను అయితే, దాని లోపల ఉన్నది లినక్స్ గింజే. ప్రపంచంలో అన్నిటికన్నా వేగంగా లెక్కలు చేసే 500 కంప్యూటర్లను ఎంచి జాబితా వేస్తారు. 2017 నవంబరు జాబితాలో ఆ 500 కంప్యూటర్లూ లినక్స్‌తోనే నడిచాయి.

తెలుగులో పని జరుగుతుందా?

రెండింటిలోనూ తెలుగు చదవవచ్చు, రాయవచ్చు. లినక్స్‌లో తెలుగు కోసం చాలామంది స్వచ్ఛందంగా పని చేశారు. తెర మీద కనిపించే మాటలను తెలుగులోకి మార్చారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే తెలుగు అక్షరాల రూపాలు తయారుచేసి అందరికీ ఇచ్చారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఈ పని చేస్తోంది. భారత ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ అనే లినక్స్ రకాన్ని విడుదల చేసింది. అందులోనూ తెలుగు ఉంది.

విండోస్‌లో మేలు ఏమిటి? కష్టం ఏమిటి?

మేలు ముందు చెప్పుకుందాం. విండోస్ తెలిసినవాళ్లు ఊరూరా ఉన్నారు. పాడైతే బాగుచేసేవాళ్లు దగ్గరలోనే దొరుకుతారు. ప్రింటర్లు, వేలిముద్ర యంత్రాలు తయారుచేసేవాళ్లు ముందు విండోస్‌నే మనసులో పెట్టుకుంటారు. దుకాణాల లెక్కలకు వాడే టాలీ కూడా విండోస్ కోసం తయారైనదే.

ఇక కష్టం. ఎప్పుడు ఆపాలో కంపెనీయే నిర్ణయిస్తుంది. 2015లో విండోస్ 10 వచ్చింది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా ఇచ్చే భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవాళ్లకు మాత్రం కొన్ని షరతులతో 2026 అక్టోబరు వరకు గడువు ఇచ్చారు. విండోస్ 11కు మారమన్నారు. కానీ చాలా పాత కంప్యూటర్లకు విండోస్ 11 నడపడానికి కావలసిన భాగాలు లేవు. యంత్రం బాగానే ఉన్నా కొత్తది కొనాల్సిన పరిస్థితి వచ్చింది.

మరమ్మతులు ఆగితే ఏమవుతుంది? 2017 మే నెలలో ఏమైందో చూడండి. వానాక్రై అనే పాడు ప్రోగ్రాము విండోస్ కంప్యూటర్లలోకి దూరింది. లోపలి కాగితాలకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. ఎన్నో దేశాల్లో పనులు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దానికి విరుగుడు కంపెనీ మార్చిలోనే ఇచ్చింది. దాన్ని వేసుకోనివాళ్లే ఎక్కువగా నష్టపోయారు.

లినక్స్‌లో మేలు ఏమిటి? కష్టం ఏమిటి?

అనుమతికి డబ్బు కట్టనక్కరలేదు. పాత కంప్యూటర్లలో కూడా నడిచే తేలిక రకాలు ఉన్నాయి. ఉత్తరాలు, పట్టికలు రాసుకోవడానికి లిబ్రెఆఫీస్ ఉంది. అదీ ఉచితమే. మరమ్మతులూ ఉచితంగానే వస్తాయి. వైరస్‌ల బెడద తక్కువ. తక్కువ అంటే అసలు లేదని కాదు. దీనికి కూడా ఎప్పటికప్పుడు మరమ్మతులు వేసుకోవాలి.

కష్టాలూ ఉన్నాయి. చిన్న ఊళ్లలో లినక్స్ తెలిసిన మరమ్మతుదారు దొరకడం కష్టం. కొన్ని ప్రింటర్లు సరిగా పని చేయవు. విండోస్ కోసం రాసినవి చాలావరకు దీనిలో నేరుగా నడవవు. కొత్తగా నేర్చుకోవాలి. నేర్చుకోవడానికి సమయం కావాలి. సమయం కూడా ఖర్చే కదా!

ఒకరు నిలబడ్డారు, ఒకరు వెనక్కి వచ్చారు

మన దేశంలోనే కేరళను చూడండి. 1991లో సంపూర్ణ అక్షరాస్యత సాధించిన రాష్ట్రం అది. 2001లో బడిపిల్లలకు కంప్యూటరు నేర్పే పథకం పెట్టింది. మొదట్లో విండోస్‌తో నేర్పారు. "ప్రభుత్వ బడిలో ఒక కంపెనీ సరుకునే ఎందుకు నేర్పాలి?" అని ఉపాధ్యాయులు ప్రశ్నించారు. తర్వాత బడులన్నీ లినక్స్‌కు మారాయి. దీనివల్ల సుమారు 300 కోట్ల రూపాయలు మిగిలాయని 2017లో అక్కడి అధికారులు చెప్పారు. అయితే ఒక్క రోజులో మారలేదు. ముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. వాళ్ల అవసరాలకు తగ్గట్టు తమ సొంత రకాన్ని తయారుచేసుకున్నారు.

జర్మనీ దేశంలో మ్యూనిక్ అనే నగరం ఉంది. అక్కడి నగరపాలక సంస్థ లినక్స్‌కు మారాలని 2003లో తీర్మానించింది. సుమారు 15,000 కంప్యూటర్లు మార్చింది. కానీ 2017లో తిరిగి విండోస్‌కు వెళ్లాలని నిర్ణయించింది. కొన్ని పనులు కుదరడం లేదని కొందరు అన్నారు. ఇది పాలకుల నిర్ణయమే తప్ప లినక్స్ లోపం కాదని మరికొందరు అన్నారు.

మారాలంటే శిక్షణ కావాలి. ఓపిక కావాలి. అందరి మాటా ఒక్కటి కావాలి. ఈ రెండు చోట్లా మనకు కనిపించేది ఇదే.

దొంగ కాపీ జోలికి పోవద్దు

కొన్ని చోట్ల "విండోస్ ఊరికే వేసి ఇస్తాం" అంటారు. అది ఉచితం కాదు. దొంగ కాపీ. తెలిసీ దొంగ కాపీ వాడటం కాపీరైటు చట్టం ప్రకారం నేరం. పైగా అందులో పాడు ప్రోగ్రాములు దాగి ఉండవచ్చు. అవి మన బ్యాంకు రహస్య సంఖ్యలు దొంగిలించవచ్చు. విండోస్ కావాలంటే బిల్లుతో కొనండి. డబ్బు లేకపోతే లినక్స్ వేయించండి. ఆ రెండూ నిజాయితీ దారులే.

మన సంఘం ఏం చేయాలి?

ఒక మహిళా సంఘం పదేళ్ల కిందట కంప్యూటరు కొన్నది అనుకుందాం. అందులో విండోస్ 10 ఉంది. విండోస్ 11 ఎక్కదు. వాళ్ల ముందు మూడు దారులు ఉన్నాయి.

మొదటి దారి, అలాగే వాడటం. మరమ్మతులు రాని కంప్యూటరుతో ఇంటర్నెట్‌లోకి వెళ్లడం ప్రమాదం. సభ్యుల ఆధార్ నంబర్లు, పొదుపు లెక్కలు అందులోనే ఉన్నాయి. అవి పరుల చేతిలో పడితే నష్టం అందరిదీ.

రెండో దారి, కొత్త కంప్యూటరు కొనడం. దానికి వేల రూపాయలు కావాలి. ఆ డబ్బుతో ఒక సభ్యురాలికి కుట్టు మిషను అప్పు ఇవ్వవచ్చు.

మూడో దారి, ఆ పాత కంప్యూటరులోనే లినక్స్ వేయించడం. తీర్మానాలు రాయడం, పట్టికలు వేయడం, ఇంటర్నెట్ చూడటం వరకే అయితే ఇది సరిపోతుంది. ఖర్చూ తక్కువ. టాలీయో, విండోస్‌కే పనిచేసే యంత్రమో తప్పనిసరి అయితే మాత్రం రెండో దారే మేలు.

కాబట్టి ముందు పని చూడాలి. తర్వాత పనిముట్టు చూడాలి. కొబ్బరికాయ కొట్టడానికి కత్తిపీట ఎందుకు?

మార్చే ముందు నాలుగు పనులు

ఒకటి: కంప్యూటరులో ఉన్న లెక్కలన్నీ వేరే చోట కాపీ చేసి దాచండి. ఇది మరిచిపోతే పోయినవి తిరిగి రాకపోవచ్చు.

రెండు: లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. లోపల ఏమీ చెరపనక్కరలేదు. నచ్చితేనే వేయించండి.

మూడు: మీ ప్రింటరు, ఇంటర్నెట్, తెలుగు టైపు పనిచేస్తున్నాయో లేదో అప్పుడే పరీక్షించండి.

నాలుగు: కష్టం వస్తే సాయం చేసేవారు ఎవరో ముందే చూసుకోండి. సంఘంలో ఇద్దరైనా నేర్చుకోండి. ఒక్కరికే తెలిస్తే, ఆ ఒక్కరూ ఊళ్లో లేని రోజున పని ఆగిపోతుంది.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్లో బడి, బ్యాంకు, పంచాయతీ కంప్యూటర్లలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది? అడిగి తెలుసుకోండి.
2. మీ సంఘం లెక్కలు కంప్యూటరులో ఉంటే వాటి కాపీ ఇంకెక్కడైనా ఉందా?
3. ఉచితం, స్వేచ్ఛ. ఈ రెండు మాటలకూ తేడా ఏమిటి? మీ జీవితంలోంచి ఒక ఉదాహరణ చెప్పండి.
4. మీ సంఘానికి ఏది మేలు? ఎందుకు? మీ కారణాలు రెండు వాక్యాల్లో రాయండి.