రక్తం పడితే క్యాన్సర్ తిరగబెట్టినట్టేనా?

సిత్రా (బహ్రెయిన్): పోయిన రంజాన్ నెలలో ఓ రాత్రి మా క్యాంపులో ఉండే నిజామాబాద్ జిల్లా వెల్డర్ తమ్ముడొకడు ఫోను పట్టుకుని ఏడుస్తూ నా గదికొచ్చాడు. "అన్నా, అమ్మకు క్యాన్సర్ మళ్ళీ వచ్చినట్టుంది. రక్తం పడుతోందట" అన్నాడు.

వాళ్ళమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. అంతకు ఏడాదిన్నర ముందు హైదరాబాదులో రేడియేషన్ ఇప్పించారు. నాలుగు నెలలుగా మలంలో రక్తం పడుతున్నా, దూరదేశంలో ఉన్న కొడుకు బెంగపడతాడని ఆమె చెప్పలేదు. ఊళ్ళో డాక్టరు మొలలని మాత్రలిచ్చాడు. హిమోగ్లోబిన్ 6కు పడిపోయి, కళ్ళు తిరిగి పడిపోయాక గానీ సంగతి బయటపడలేదు. తీరా పెద్దాసుపత్రిలో పరీక్ష చేస్తే అది క్యాన్సర్ కాదు, రేడియేషన్ చేసిన గాయం!

ఎందుకిలా?

రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపుతుంది. కానీ పక్కనున్న మంచి అవయవాలకూ కొంత వేడి తగిలినట్టే అవుతుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. వాటి బదులు పల్చటి కొత్త నాళాలు పుట్టి, ఊరికే చిట్లుతుంటాయి. గర్భాశయ, ప్రొస్టేట్ క్యాన్సర్లలో కింది పేగుకు, కాలేయం, క్లోమం వంటి పైభాగానికి రేడియేషన్ ఇస్తే కడుపుకు ఈ బాధ రావచ్చు. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత బయటపడుతుంది.

రక్తం ఎర్రగా పడితే సాధారణంగా కింది పేగు నుంచి, మలం తారులా నల్లగా వస్తే కడుపు నుంచి అని అనుమానించాలి. ఐరన్ మాత్రలతోనూ నల్లగా అవుతుంది. తేల్చాల్సింది ఎండోస్కోపీయే. క్యాన్సర్ తిరిగొచ్చిందా లేదా అన్నదీ పరీక్షల్లోనే తెలుస్తుంది.

మన ఆర్గానే మందు

ముందు రక్తం తగ్గితే ఎక్కిస్తారు. కడుపులో అయితే యాసిడ్ తగ్గించే మందులు, కింది పేగుకైతే సుక్రాల్ఫేట్ ఎనిమా ఇస్తారు. ఆగకపోతే ఆర్గాన్ చికిత్స. సిత్రా వర్క్‌షాపుల్లో టిగ్ వెల్డింగ్ చేసేవాళ్ళకు ఆ సిలిండరు కొత్తేం కాదు. అక్కడ ఆర్గాన్ అతుకుకు గాలి తగలకుండా కాపాడుతుంది. ఇక్కడ ఎండోస్కోపు గొట్టంలోంచి వెళ్ళి కరెంటును మోసుకుపోయి, చిట్లే నాళాలను పైపైనే మాడ్చి మూసేస్తుంది. 1991లో జర్మనీలో దీన్ని ఎండోస్కోపీకి వాడటం మొదలుపెట్టారు. కొన్ని వారాల ఎడంతో రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. అప్పటికీ లొంగకపోతే, డైవర్లకు వాడే ప్రెషర్ చాంబర్‌లో రోజుకు గంటన్నర చొప్పున 30, 40 సార్లు ఆక్సిజన్ ఇచ్చే పద్ధతి ఉంది. ఇది అన్ని ఊళ్ళలో దొరకదు.

ఈ జాగ్రత్తలు మరవద్దు

* ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా "రేడియేషన్ అయ్యింది" అని ముందే చెప్పాలి. ఆ ఫైలు చూపించాలి. రేడియేషన్ తగిలిన పేగులో ముక్క తీసినా, మొలలని ఆపరేషన్ చేసినా పుండు మానకపోవచ్చు.

* ఇక్కడి నుంచి పార్సిల్లో బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పంపకండి. రక్తస్రావం పెరుగుతుంది. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే సొంతంగా ఆపకుండా డాక్టరునడగాలి.

* రక్తం కక్కినా, స్పృహ తప్పినా ఆగొద్దు. ఇంటి దగ్గరైతే 108, బహ్రెయిన్‌లో అయితే 999.

* ఖర్చు విషయం ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉండనే ఉంది.

మా తమ్ముడి అమ్మకు రెండుసార్లు ఆర్గాన్ పెట్టారు. రక్తం ఆగింది. హిమోగ్లోబిన్ 10 దాటింది. మొదటి నెలలోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మనం ఫోన్లో "బాగున్నవా అమ్మా" అంటే "బాగున్న బిడ్డా" అనే అంటుంది. ఆ మాటతో ఫోను పెట్టేయకండి. కొడుకుతో చెప్పడానికి సిగ్గుపడితే భార్యతోనో చెల్లెలితోనో అడిగించండి. ఈ శుక్రవారమే అడిగించండి.

- ఓ సైట్ సూపర్‌వైజర్, సిత్రా