గుమాస్తా చేతి తాళంచెవి

ఆఫీసు ప్రేమకథలు యెన్నో వచ్చాయి, పోయాయి. 1960లో బిల్లీ వైల్డర్ తీసిన ‘ది అపార్ట్‌మెంట్’ మాత్రం నిలిచింది. మొన్న మా ఆవిడా నేనూ మళ్ళీ చూశాం.

న్యూయార్కులో ఓ బీమా కంపెనీ. గుమాస్తా బాక్స్‌టర్ (జాక్ లెమన్) పైఅధికారుల చాటు సరసాలకు తన యింటి తాళంచెవి అరువిస్తాడు, ప్రమోషన్ కొట్టేస్తాడు. నవ్వుకుంటాం. ఆ యింట్లో యెవరో మరిచిపోయిన పగిలిన అద్దం, తాను మనసిచ్చిన లిఫ్టు అమ్మాయి ఫ్రాన్ (షర్లీ మెక్లెయిన్) చేతిలో కనబడుతుంది. మన నవ్వు ఠక్కున ఆగిపోతుంది.

ఉత్తమ చిత్రంతో కలిపి 5 ఆస్కార్లు వచ్చాయి. కాని బహుమతులతో బొమ్మ బతకదు. “పైకి రావటానికి నువ్వేమిస్తావోయ్?” అని అడుగుతుంది గనుక బతికింది. ఉద్యోగస్థుడెవడికైనా యీ ప్రశ్న తప్పదు. ఒకప్పుడు ఒక కుర్రాడికి నాలుగు మార్కులు కలపమని పైనుంచి నాకు కబురొచ్చింది. కలిపాను.

చివరికి బాక్స్‌టర్ తాళంచెవి యివ్వనంటాడు, ఉద్యోగమే వదిలేస్తాడు. ఆ ఘట్టంలో మా ఆవిడ నావైపు చూసింది. నేను మాత్రం తెరమీంచి చూపు తిప్పలేదు.